అందరికీ ఒకే పథ్యం

లీడ్స్‌లో డైటీషియన్‌గా పనిచేసినన్నాళ్ళూ నా గదిలోకి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కుర్చీలో సరిగా కూర్చోకముందే ఒకే ప్రశ్న అడిగేవాళ్ళు, "ఏం మానెయ్యాలి?" అని. ఏం తినాలని అడిగినవాళ్ళు చాలా తక్కువ. మీరు ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళయితే మీకూ ఈపాటికి ఆ అనుభవం అయ్యే ఉంటుంది. మానెయ్యమని చెప్పడం తేలిక. విన్నవాళ్ళకి ఏదో సాధించినట్టు ఉంటుంది, చెప్పినవాళ్ళకీ పని అయిపోయినట్టు ఉంటుంది. అయితే ఒకరికి చెప్పిన "మానెయ్యండి" ఆ ఇంట్లో ఇంకెంతమంది కంచాల్లోకి వెళ్తుందో నాకు అర్థమైంది మాత్రం ఒక కుటుంబం వల్ల. నేను రిటైరవడానికి కొద్ది ఏళ్ళ ముందు జరిగింది.

నాది గుంటూరు వైపు. వాళ్ళది కరీంనగర్ వైపు. ఊళ్ళో తెలుగు తెలిసిన డైటీషియన్ని నేనొక్కదాన్నే కావడంతో పెద్దవాళ్ళలో తెలుగు పేరు కనిపిస్తే చాలు, మా ఆఫీసు వాళ్ళు ఆ కేసు నా బుట్టలో పడేసేవాళ్ళు. అలా వచ్చింది ఆ పెద్దావిడ. డెబ్భై దాటిన మనిషి. వంటింటి గుమ్మం దగ్గర కాలు మడతపడి పడిపోయిందట. ఎముక విరగలేదు గానీ ఆస్పత్రిలో బరువు చూసినవాళ్ళు కంగారుపడి నా దగ్గరికి పంపారు.

ఆమె కోడలితో కలిసి వచ్చింది. కూర్చుని చెయ్యి ఎత్తితే బంగారు గాజులు మణికట్టు నుంచి జారి మోచేతి దాకా వెళ్ళిపోయాయి. ఆమె వాటిని చూసుకుని, మళ్ళీ కిందికి లాక్కుని, కొంగుతో కప్పేసుకుంది.

"ఆకలేస్తుందా అమ్మా?" అని అడిగాను.

ఆమె ఒకసారి కోడలి వైపు చూసింది. "ఏం ఆకలి బిడ్డా, కూసున్నకాడ తినుడే గదా," అంది.

కోడలు అందుకుంది. ఆమె కౌన్సిల్ ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది, చురుకైన పిల్ల. "మేడమ్, మా ఇంట్ల అందరికి హెల్దీ ఫుడ్డే పెడ్త. నూనె చుక్క కూడ ఉండదు. నెయ్యి లేదు, షుగర్ అసల్కే లేదు. బ్రౌన్ రైస్, మొలకలు, స్కిమ్డ్ మిల్క్. మా ఆయనకి షుగర్ బార్డర్‌ల ఉండె. ఇప్పుడు నార్మల్ అయింది. మా జీపీ డాక్టర్ కూడ మెచ్చుకున్నడు."

ఆ మాటల్లో గర్వం ఉంది, ఉండాలి కూడా. ఉద్యోగం చేసుకుంటూ ఇంటి వంటంతా మార్చిపారెయ్యడం సామాన్యమైన పని కాదు. నేను పెద్దావిడకి రోజూ తాగడానికి మిల్క్‌షేక్ లాంటి బలవర్ధకమైన సీసాలు రాయించి, మళ్ళీ రమ్మన్నాను.

రెండోసారి కొడుకు తీసుకొచ్చాడు. ఐటీ ఉద్యోగి, మనిషి సన్నగా, నిటారుగా ఉన్నాడు. తల్లి బరువు ఇంకా తగ్గింది. సీసాలు తాగుతున్నారా అని అడిగితే ఆయనే జవాబిచ్చాడు.

"మేడమ్, ఆ బాటిల్ మీద షుగర్ ఎంతుందో చూసిన్రా? నాకైతే భయమైంది. ఫార్మసీల వాపస్ ఇచ్చేసిన."

"అవి మీకు కాదండీ, అమ్మగారికి."

"ఒకే ఫ్యామిలీ గద మేడమ్. అవే జీన్స్."

తల్లి నా బల్ల మీద ఉన్న ప్లాస్టిక్ అరటిపండు వైపు చూస్తూ కూర్చుంది.

ఆ రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో నా పక్కన కూర్చున్న కొలీగ్ గురించి చెప్పాలి. ఆమె పిల్లల డైటీషియన్. యార్క్‌షైర్ మనిషి, పొడగరి, నవ్వితే కారిడార్ చివరిదాకా వినిపించేది. ప్రొఫెసర్ని, పోస్ట్‌మన్ని ఇద్దర్నీ అక్కడి వాడుకలో "లవ్" అనే పిలిచేది. ఆమె శాండ్‌విచ్ పొట్లం విప్పుతూ తన తలనొప్పి చెప్పుకొచ్చింది. ఏడాదిన్నర పిల్లాడట, ఆర్నెల్లుగా బరువు పెరగలేదట. జబ్బేమీ లేదు, పరీక్షలన్నీ అయ్యాయి. చీజ్ పెట్టమంది, ఫిష్ ఫింగర్స్ పెట్టమంది. తల్లి శ్రద్ధగా కొన్నదట, పిల్లాడు శ్రద్ధగా నేలకేసి కొట్టాడట.

"తల్లి చాలా మంచిది. పప్పు, మొలకలు, బ్రౌన్ రైస్, వెన్న తీసిన పాలు... నా ఇంట్లోకంటే ఆరోగ్యమైన తిండి తింటున్నారు. మీ భాష వాళ్ళే అనుకుంటా," అంది.

నా చేతిలో చెంచా ఆగిపోయింది. వీధి పేరు అడిగాను. ఆమె చెప్పింది. ఒకే ఇల్లు. నానమ్మ నా వైపు తలుపులోంచి వస్తోంది, మనవడు ఆమె వైపు తలుపులోంచి వస్తున్నాడు. మేమిద్దరం ఒకే ఇంటిని రెండు కిటికీల్లోంచి చూస్తూ, ఎవరి మనిషి గురించి వాళ్ళం బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాం.

ఆ సాయంత్రమే కోడలికి ఫోన్ చేసి, ఇద్దరం కలిసి ఒకసారి ఇంటికి రావచ్చా అని అడిగాం. బడికి వారం రోజులిచ్చే హాఫ్ టర్మ్ సెలవుల్లో రమ్మంది. భోజనం వేళకి రమ్మని నేనే అడిగాను.

మేం వెళ్ళేసరికి ఇల్లు అద్దంలా ఉంది. కొడుకు మేడ మీది గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాడు. సోఫాలో ఒక పిల్ల పడుకుని ఉంది. ఈ ఇంట్లో పదిహేనేళ్ళ కూతురు కూడా ఉందని అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం పన్నెండున్నరకి దుప్పటి కప్పుకుని, నల్లటి టీ కప్పు పట్టుకుని ఉంది. మొహంలో రక్తం లేదు.

"స్కూల్లో నెట్‌బాల్ ఆడుతుండె. మానేసింది. ఫోన్ చూసీ చూసీ గిట్లైతున్నది," అంది తల్లి.

"ఐమ్ జస్ట్ టైర్డ్, మమ్," అంది ఆ పిల్ల కళ్ళు తెరవకుండానే.

మా కొలీగ్, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇద్దరి కోసం వచ్చాం, మూడో మనిషి సోఫాలో దొరికింది.

బల్ల మీద భోజనం వడ్డించారు. తాలింపు లేని పాలకూర పప్పు, బ్రౌన్ రైస్, ఉడికించిన మొలకలు, నీళ్ళలా పల్చగా ఉన్న పెరుగు. అందరి కంచంలోనూ అవే. పిల్లాడు హై చెయిర్‌లో కూర్చుని నాలుగు ముద్దలు గబగబా తిన్నాడు. ఐదో ముద్దకి తల తిప్పేసుకున్నాడు. అంత చిన్న పొట్ట, అంత పీచు. నాలుగు ముద్దలకే నిండిపోతుంది, ఎదగడానికి కావలసింది మాత్రం అందదు. పెద్దావిడ పళ్ళసెట్టుతో బ్రౌన్ రైస్‌ని చాలాసేపు నములుతోంది. మొలకలు ఒక్కొక్కటే కంచం అంచుకి చేరుస్తోంది, ఎవరూ చూడకుండా. కూతురు సగం తిని, మిగతా సగాన్ని చెంచాతో అటూ ఇటూ తిప్పి, ఇంకో కప్పు టీ పోసుకుంది.

మా కొలీగ్ వంగి నా చెవిలో మెల్లగా అంది, "అందరూ ఆ ఇంటాయన మందే మింగుతున్నారు."

నేను కోడల్ని వంటింట్లోకి తీసుకెళ్ళి ఈ మాటే, ఇంకాస్త నెమ్మదిగా చెప్పాను. మీ ఆయనకి పెడుతున్నది మీ ఆయనకి సరైనదే. ఏడాదిన్నర పిల్లాడికి వెన్న తియ్యని పాలు కావాలి, కొవ్వు కావాలి, వాడు పెరుగుతున్నాడు. మీ అత్తగారికి కండ నిలబడాలి, లేకపోతే మళ్ళీ పడతారు. నెలనెలా రక్తం పోయే ఈడు పిల్లకి ఐరన్ కావాలి, అన్నంతో పాటు టీ తాగితే ఉన్నది కూడా ఒంటికి పట్టదు. ఒకే పథ్యం నలుగురికి సరిపోదు.

కోడలు సింక్ పట్టుకుని నిలబడిపోయింది. అప్పటిదాకా మేడమ్ అన్నది కాస్తా ఆంటీ అంది.

"అంటే నేను నా పిల్లగాన్ని, మా అత్తమ్మని ఆకలితోని ఉంచిన్నా ఆంటీ?"

"లేదమ్మా. నువ్వు వాళ్ళని రోగాల నుంచి కాపాడుతున్నాననుకున్నావు."

"మరిప్పుడు ఏం జెయ్యాలె? పొద్దున్న లేసి నాలుగు తీర్ల వంటలు చెయ్యాల్నా? నాకు ఆఫీసున్నది. నా వల్ల కాదు," అని కళ్ళు తుడుచుకుంది. ఆమెకి కోపం కూడా వచ్చింది. రావడం న్యాయమే.

మాలాంటివాళ్ళం మామూలుగా చేసే పొరపాటు ఇక్కడే. తినే నలుగురికీ నాలుగు సలహాలు ఇచ్చి సంచీ భుజాన వేసుకుని బయటపడతాం. వండే మనిషి ఒక్కతే అన్న సంగతి మన కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఆ రోజు మాత్రం నాకు ఆ పప్పుగిన్నె ఎదురుగా కనిపిస్తోంది. అది బ్రహ్మాండమైన పప్పు. దానికి లోపమేమీ లేదు.

"వంట మార్చొద్దు. ఇదే గిన్నె చాలు. వడ్డించేటప్పుడు మారుద్దాం. ఇంట్లో నెయ్యి ఉందా?"

"నెయ్యా? లేదాంటీ." కాస్త ఆగి, "దేవుని దగ్గర ఉన్నది. దీపానికి," అంది.

"దేవుడు ఊర్కుంటడా అని ఆమె చూస్తున్నది," అంది గుమ్మంలోంచి పెద్దావిడ. ఎప్పుడొచ్చి నిలబడిందో తెలీదు. "ఊర్కుంటడు తియ్యి. దేవునికైతే ఎన్నడూ కొదువ చెయ్యలే మనం."

కోడలు ఏడుపులోంచి ఒక్కసారిగా నవ్వేసింది. సీలు తియ్యని డబ్బా ఒకటి తెచ్చి పెట్టింది. ఫ్రిజ్‌లో గుడ్లు ఉన్నాయి. ఆయన తెల్లసొన మాత్రమే తింటాడట, పచ్చసొనలు రోజూ చెత్తబుట్టలోకి. ఆ మాట అనువదించి చెబితే మా కొలీగ్ గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

ఇంక వంటింట్లో ముగ్గురం పనిలో దిగాం. పిల్లాడికి అన్నం మెత్తగా మెదిపి, పప్పు కలిపి, ఉడికిన పచ్చసొన చిదిమి, నెయ్యి వేశాం. పెద్దావిడకి కొంచెం జారుగా కలిపి, పైన గుడ్డు మొత్తం, నెయ్యి. కూతురి కంచంలో పప్పు ఎక్కువ, దాని మీద నిమ్మకాయ పిండి, టీ కప్పు తీసేసి నీళ్ళు పెట్టాం. ఆయన కంచం ఎప్పటిలాగే, అన్నం తక్కువ, మొలకలు ఎక్కువ. పెద్దావిడ, కూతురి పప్పులోకి ఎండుమిరపకాయ, జీలకర్ర, వెల్లుల్లి వేసి కొంచెం నేతి తాలింపు పెట్టేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడింది. కూతురు సోఫాలోంచి లేచి వచ్చి, "వాట్స్ దట్ స్మెల్?" అంది.

పిల్లాడు ఐదో ముద్ద తిన్నాడు. ఆరోది చేత్తో లాక్కుని తిన్నాడు.

సరిగ్గా అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. కొడుకు హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని గుమ్మంలో ఆగాడు. నెయ్యి డబ్బా చూశాడు, తల్లి కంచం చూశాడు.

"ఏం నడుస్తున్నదిక్కడ?"

నేనే నోరు విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మేడమ్, మీరు పెద్దోళ్ళు, మీకు చెప్పేంతటోన్ని కాదు. కానీ మా నాయిన నలభై ఎనిమిదేండ్లకు పోయిండు. హార్ట్ ఎటాక్. నేను అప్పుడు ఇంటర్ల ఉన్న. నాకు ఇప్పుడు నలభై ఆరు. ఈ డబ్బ ఇంట్లకు వస్తె ఇవ్వాళ పిల్లగాడు తింటడు, రేపు నేను తింట. నా మీద నాకే నమ్మకం లేదు. అందుకే ఇంట్లకే రానియ్యలే." హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, వెనక్కి తిరిగాడు.

"ఇటు రా. కూసో," అంది తల్లి.

నేను ఆమె నోట అంత గట్టి మాట వినడం అదే మొదటిసారి. ఆయన కూర్చున్నాడు.

"మీ నాయిన నెయ్యి తిని పోయిండని నీకెవ్వరు చెప్పిన్రు?"

"అందరు అన్నరు గద అమ్మ. తిండి సక్కగ లేకనే అని."

"గప్పుడు మనింట్ల నెయ్యి ఏడున్నదిరా? పండుగకు ఇంత తెస్తె మీ ఇద్దరన్నదమ్ములకే పెడ్తుంటి. ఆయనకు గిన్నె కూడ నాకనియ్యలే. బస్సు నడుపుకుంట సిగరెట్ మీద సిగరెట్ తాగెటోడు. ఛాతిల నొప్పస్తున్నదంటె దవఖానకు పోదమన్న. డ్యూటీ పోతదన్నడు. తెల్లారి మల్ల నొప్పి పెట్టుకొనే డ్యూటీకి పోయిండు. నేను కాళ్ళు పట్టుకున్నా ఇనలే." ఊపిరి తీసుకుంది. "నువ్వు నొప్పి రాకముందే డాక్టర్ దగ్గరికి పోయినవ్. ఆయన చెప్పింది ఇన్నవ్. ఆయనకు నీకు గదే ఫరక్. నెయ్యి కాదు."

ఆయన తల్లి కంచం దగ్గరికి లాక్కుని చూశాడు. "నీకు ఆకలైతున్నదా అమ్మ? ఇన్ని దినాలు?"

ఆమె గాజులు సర్దుకుంది. "అయితుండె."

"చెప్పొద్దా మరి?"

"చెప్తె నువ్వు డబ్బ కొనుక్కొస్తవ్. తెస్తె నువ్వు తింటవ్. నాకు భయమైంది. అందుకే ఊకున్న."

కొడుకు తన తిండికి తానే భయపడుతున్నాడు. తల్లి కూడా అదే భయంతో నోరు కట్టేసుకుంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే మనిషిని కాపాడుతున్నారు.

ఆయన లేచి, చెంచాతో నెయ్యి తీసి తల్లి అన్నంలో ఇంకొంచెం వేశాడు. డబ్బా మూత గట్టిగా బిగించాడు. తన కంచం ముందుకు లాక్కుని మొలకలు తిన్నాడు. అంతే. ఆ పూట మాట్లాడింది పిల్లాడొక్కడే, అదీ వాడి భాషలో.

తిరిగొస్తుంటే కారులో మా కొలీగ్ అడిగింది, ఆ పెద్దావిడ ఏమందని. ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా అక్కడ తన తిండి ఆపేసి చూస్తూ కూర్చుంది. నేను మొత్తం చెప్పాను. ఎర్రలైటు పచ్చగా మారినా ఆమె కారు కదపలేదు. వెనకవాళ్ళు హారన్ కొడితే, ఆ ఊరి మర్యాద పక్కనపెట్టి కిటికీలోంచి ఏదో అరిచి, అప్పుడు కదిలింది.

ఆ తర్వాత అన్నీ చకచకా చక్కబడ్డాయని చెప్పను. కూతురికి జీపీ రక్తపరీక్ష చేయిస్తే ఐరన్ బాగా తక్కువని తేలింది. మాత్రలు మొదలుపెట్టారు. ఐరన్ కోసమని నానమ్మ మేక కార్జం వేపుడు చేసి పెడితే ఆ పిల్ల చూడగానే మొహం తిప్పుకుందట. అదేమిటో చెప్పకుండా రొట్టెలో చుట్టి ఇస్తే రెండు తిని, సంగతి తెలిశాక వారం రోజులు నానమ్మతో మాట్లాడలేదట. ఎనిమిదో రోజున ఇంకోటి అడిగిందట. వసంతం వచ్చేసరికి నెట్‌బాల్‌కి మళ్ళీ వెళ్తోంది. పిల్లాడి బరువు మొదట గ్రాము కూడా కదలనట్టే ఉంది, తర్వాత కదిలింది, ఆపైన మా కొలీగ్ వాడి ఫైలు మూసేస్తూ నాకు కనబడేలా గాల్లో ఊపింది. మొలకలు మాత్రం వాడు ఈనాటికీ నేలకే వేస్తాడని విన్నాను.

నన్ను ఆశ్చర్యపరిచింది పెద్దావిడ కొడుకు. సాయంత్రం వడ్డన తన పని చేసుకున్నాడు. వంట ఆమెది, కంచాలు ఆయనవి. ఎవరికేం వెయ్యాలో ఆయనకి నోటికొచ్చు. ఐటీ మనిషి కదా, ఒకే ప్రోగ్రామ్ అన్ని మెషీన్లకీ నడవదని ముందే తెలిసుండాల్సిందని తనమీద తనే జోకు వేసుకున్నాడు. ఇంట్లో నెయ్యి ఉండగానే ఆయన తర్వాతి షుగర్ పరీక్ష వచ్చింది. నార్మల్. ఆ కబురు చెప్పడానికి నాకు ఫోన్ చేసి, మాట పూర్తిచెయ్యలేక భార్యకి ఇచ్చేశాడు.

కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పేది ఎక్కువేమీ లేదు. మీ ఎదురు కుర్చీలో కూర్చునే మనిషి ఒక్కరే ఉంటారు. మీరు చెప్పినమాట ఇంటికెళ్ళాక ఎవరెవరు తింటారో ఒకసారి అడగండి. ఎవరు వండుతారో కూడా అడగండి. మంచి సలహాని మంచి మనుషులు మరీ మంచిగా పాటిస్తే ఏమవుతుందో ఏ పాఠంలోనూ చెప్పరు.

పెద్దావిడ చివరిసారి క్లినిక్‌కి వచ్చిన రోజు బాగా గుర్తుంది. చేతికర్ర పట్టుకుని, కొడుకు సాయం లేకుండా కారిడార్ అంతా నడిచొచ్చింది. మడతపడిన కాలు పూర్తిగా మునుపటిలా కాలేదు గానీ మనిషి నిండుగా ఉంది. బరువు చూసి, ఇంక మీరు రావక్కర్లేదమ్మా, డిశ్చార్జ్ చేస్తున్నాను అన్నాను.

ఆమెకి నచ్చలేదు. "మంచిగైతే రానియ్యరా? గిదేం దవఖాన!" అంది.

"బాగున్నవాళ్ళకి ఇక్కడ పనేముంటుందమ్మా?"

ఆమె లేవలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. అప్పటికి పదకొండు దాటింది, అది నా ఆరో అపాయింట్‌మెంట్.

"నువ్వు పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

నేను తడబడ్డాను. స్టాఫ్ రూమ్‌లో టీ, దాంట్లో ముంచిన ఒక బిస్కెట్. అదీ సగం విరిగి కప్పులో పడిపోయింది. ఏదో చెప్పబోయాను. కొడుకు సిగ్గుపడిపోయి, "అమ్మా, మేడమ్‌కు తెల్వదా ఏం తినాలెనో? లే, పోదాం," అన్నాడు.

"తెలిసుడు వేరే, తినుడు వేరే," అంది ఆమె. చేతిసంచీలోంచి స్టీలు డబ్బా తీసి, మూత విప్పి నా బల్ల మీద పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్న సర్వపిండి, వాళ్ళ వైపు బియ్యప్పిండి రొట్టె. పల్లీలు, నువ్వులు కనబడుతున్నాయి.

బయట ఇంకో పేషెంట్ ఎదురుచూస్తున్నాడు. పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదన్న నియమం ఉంది. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది, కదిలే ఉద్దేశం లేదు. నేను చెయ్యి కడుక్కుని వచ్చి, ఆమె చూస్తుండగా, మొత్తం తిన్నాను.